ఎవరి బ్యాగూ మోయొద్దని చెప్పు బావా

అనంతపురం

ఒరేయ్ బావా,

మీ కాలేజీ కుర్రాడొకడు గదిలో దొరికిన గంజాయి కేసులో ఇరుక్కున్నాడని నువ్వు పెట్టిన మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ముందు ఆ పిల్లాడి తల్లికి చెప్పాల్సిన మాట. వాళ్ళ గదిలో దొరికింది నువ్వు రాసినట్టు రెండు వందల గ్రాముల లోపు గంజాయే అయితే, అది పదేళ్ళు పడే కేసు కాదు. "ఎన్‌డీపీఎస్ కేసంటే, అదే మత్తు పదార్థాల చట్టం కింద కేసంటే, బెయిలే రాదు" అని ఎవరో అన్నారని ఆవిడ అన్నం మానేసిందని రాశావు. ఆ మాట పెద్ద బరువు కేసులకు సంబంధించింది. ఈ తేడా తెలియకే కుటుంబాలు భయపడిపోయి, బెయిలు ఇప్పిస్తానన్న ప్రతివాడి చేతిలో డబ్బు పోస్తున్నాయి. కోర్టు దగ్గర అలాంటి తల్లిదండ్రులు ఎప్పుడూ కనబడుతూనే ఉంటారు. చూసినప్పుడల్లా గుండె తరుక్కుపోతుంది.

ఈ మత్తు పదార్థాల చట్టం వచ్చింది 1985లో. అందులో ఎనిమిదో సెక్షన్ నిషేధం చెబుతుంది: వైద్యానికీ శాస్త్ర పరిశోధనకీ తప్ప, మత్తు పదార్థాన్ని తయారు చేయకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, అమ్మకూడదు, కొనకూడదు, రవాణా చేయకూడదు, వాడకూడదు. గంజాయికి శిక్షలు ఇరవయ్యో సెక్షన్‌లో ఉంటాయి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. దగ్గర ఉంచుకున్నవాడికీ, అమ్మినవాడికీ, బస్సులో తీసుకెళ్ళినవాడికీ మన చట్టంలో శిక్ష ఒకటే. ఎంత పడుతుందో తేల్చేది తూకం.

గంజాయి ఒక కిలో వరకు స్మాల్ క్వాంటిటీ. దానికి ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2014 సవరణకు ముందు ఇది ఆరు నెలలే ఉండేది. కిలో దాటి 20 కిలోల లోపు ఉంటే మధ్య మెట్టు: పదేళ్ళ వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. "వరకు" అన్న మాట గమనించు, ఇక్కడ జడ్జికి కిందికి దిగే వీలుంది. పై మెట్టు కమర్షియల్ క్వాంటిటీ. అక్కడ ఆ వీలు పోతుంది: తక్కువలో తక్కువ పదేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఇరవై, జరిమానా లక్షకు తగ్గదు. జడ్జికి ఎంత జాలి వేసినా పదేళ్ళకు ఒక్కరోజు తగ్గించలేడు.

ఈ హద్దులు సరుకును బట్టి మారతాయి. ముందు చెప్పేది చిన్న మెట్టు హద్దు, తర్వాతిది దాటితే కమర్షియల్. గంజాయి మొక్క జిగురైన చరస్‌కు 100 గ్రాములు, కిలో. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. కొకైన్‌కు 2 గ్రాములు, 100 గ్రాములు. బెంగళూరు పార్టీల వార్తల్లో వినిపించే ఎండీఎంఏ అనే మత్తుమందుకి అయితే అర గ్రాము దాటితే చిన్న మెట్టు దాటేసినట్టే, పది గ్రాములు దాటితే కమర్షియల్. అర గ్రామంటే చిటికెలో పట్టేంత! మీ పిల్లలకు ఇది గట్టిగా చెప్పు. గంజాయి లెక్కే అన్నిటికీ అనుకుని, "చిన్న ప్యాకెట్టే కదా" అని జేబులో పెట్టుకున్న కుర్రాడు తెలియకుండానే పదేళ్ళ మెట్టెక్కి కూర్చుంటాడు. పైగా ఇంకేదైనా పొడి కలిపి ఉంటే అసలు మందును వేరుచేసి తూచరు. మొత్తం కలిపే తూచాలని సుప్రీంకోర్టు 2020లో హీరా సింగ్ కేసులో తేల్చింది. అంతకుముందు 2008లో వచ్చిన ఇంకో తీర్పు ప్రకారం స్వచ్ఛమైన మందు ఎంత ఉందో అంతే లెక్క. 2020తో అది పోయింది.

గంజాయి విషయంలో తూకం మీద పెద్ద వాదనే నడుస్తుంది. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొనలు. కొనలు లేకుండా ఒట్టి ఆకులు, గింజలు ఉంటే అది గంజాయి కిందికి రాదు. ఉత్తరాదిలో ఆ ఆకుతో చేసే భాంగ్ లైసెన్సు దుకాణాల్లో దొరుకుతుందంటే కారణం ఇదే. కాబట్టి సంచిలో కాడలూ ఆకులూ అన్నీ కలిపి తూచి "ఇరవై ఒక్క కిలోలు" అని రాస్తే, మేం లాయర్లం మొదట అడిగేది పూతకొనలు ఎన్ని కిలోలని. ఒక్క కిలో అటూ ఇటూ అయితే మనిషి జీవితంలో పదేళ్ళు అటూ ఇటూ అవుతాయి. ఇంకో సంగతి, చేలో మొక్కలు పెంచితే ఈ తూకాల లెక్కే లేదు. కందిచేలో సాళ్ళ మధ్య నాలుగు మొక్కలు పెట్టినా సరే, పదేళ్ళ వరకు వేయొచ్చు. మీ ఊళ్ళో రైతులకు కూడా ఈ మాట చెప్పు.

ఈ మెట్లు మొదటినుంచీ లేవు. హెరాయిన్ లాంటి వాటికి 1985 చట్టంలో కొద్దిగా దొరికినా పదేళ్ళే. సొంత వాడకానికే అని ముద్దాయి నిరూపించుకుంటేనే తక్కువ శిక్ష. వాడేవాడూ వ్యాపారీ ఒకే గాటన పడి జైళ్ళలో మగ్గిపోయారు. 2001 అక్టోబరు 2న సవరణ అమల్లోకి వచ్చి, బరువును బట్టి మెట్లు పెట్టారు. అది మంచి మార్పే, మనసారా అంటున్నా. కానీ సగంలో ఆగిపోయింది. మీ తమ్ముడుండే ఇంగ్లండులో 1971 చట్టం మందులను ఏ, బీ, సీ అని తరగతులు చేసి, ఊరికే దగ్గర ఉంచుకోవడం ఒక నేరం, ఇంకొకరికి ఇచ్చే ఉద్దేశంతో ఉంచుకోవడం వేరే పెద్ద నేరం అని విడదీసింది. అక్కడ మనిషి ఉద్దేశమేంటని అడుగుతారు, ఇక్కడ కిలోలెన్ని అని అడుగుతారు. నాకు నచ్చనిది ఇదే. ఎందుకో కింద చెబుతా.

అంతకంటే ముందు నువ్వడిగిన ప్రశ్న: గదిలో ముగ్గురున్నారు, పొట్లం ఒకటే దొరికింది, ముగ్గురూ ముద్దాయిలేనా?

దగ్గర ఉంచుకోవడం అంటే చట్టం దృష్టిలో రెండు ఉండాలి. వస్తువు వాడి ఆధీనంలో ఉండాలి, అది ఉందని వాడికి తెలిసి ఉండాలి. దీన్నే మేము కాన్షస్ పొసెషన్ అంటాం. 2015లో మోహన్ లాల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది: వస్తువు చేతిలోనే ఉండనక్కర్లేదు, దాచిన చోటు వాడికే తెలిసి, అది వాడి అదుపులో ఉన్నా చాలు. కాబట్టి తాళం వేసిన పెట్టెలో దొరికిందా, ఆ తాళం ఎవరి దగ్గరుంది, అందరూ వాడే అలమరలో దొరికిందా, ఈ వివరాలే కేసు. పంచనామాలో "గదిలో దొరికింది" అని ఒక్క ముక్క రాసి ముగ్గురినీ ఏ1, ఏ2, ఏ3 చేస్తే, అక్కడ వాదించడానికి చాలా ఉంది. కానీ ధీమాగా ఉండొద్దు. వాడి దగ్గర దొరికిందని పోలీసులు రుజువు చేశాక, తెలిసే ఉంచుకున్నాడని కోర్టు అనుకోవాలని 35, 54 సెక్షన్లు చెబుతాయి. ఆ తర్వాత "నాకు తెలియదు" అని నిరూపించుకునే భారం ముద్దాయిది. మామూలు దొంగతనం కేసులో ఇలా ఉండదు. ఇంటి ఓనరు కూడా తెలిసే గదిని ఈ పనికి ఇచ్చాడంటే 25వ సెక్షన్ కింద ఇరుక్కుంటాడు. తెలియకపోతే వాడి మీద కేసు నిలవదు.

ఇప్పుడు నా కడుపు మండే సంగతికి వస్తా బావా. విశాఖ ఏజెన్సీ వైపు నుంచి గంజాయి రైళ్ళలో, బస్సుల్లో వస్తుంది. మనకేమో ఒకవైపు గుంతకల్లు జంక్షన్, ఇంకోవైపు హైదరాబాదు–బెంగళూరు హైవే. పట్టుబడేది ఎవరు? ఫీజుకు డబ్బుల్లేని డిగ్రీ కుర్రాడు, పనుల్లేక బెంగళూరు బయల్దేరిన కూలీ. "ఈ బ్యాగు ఫలానా స్టేషన్లో ఇచ్చెయ్, కొన్ని వేలిస్తా" అంటారు. సరుకు ఎవరిదో వాడికి తెలియదు, ఫోన్ నంబరు తప్ప పేరు కూడా తెలియదు. బ్యాగులో ఇరవై రెండు కిలోలుంటే, ఆ సరుకు అసలు యజమానికీ వీడికీ ఒకటే మెట్టు. 37వ సెక్షన్ ప్రకారం కమర్షియల్ కేసులో బెయిలు ఇవ్వాలంటే, ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయనీ, బయటికొస్తే మళ్ళీ ఇలాంటి నేరం చేయడనీ కోర్టు అనుకోవాలి. కేసు మొదట్లోనే అది చూపించడం ఎంత కష్టమో ఆలోచించు. చార్జ్‌షీటుకు పోలీసులకు 180 రోజుల గడువు, కోర్టు ఒప్పుకుంటే ఏడాది దాకా. విచారణ మొదలయ్యేలోపే కుర్రాడి చదువు అటకెక్కుతుంది, ఇంట్లో చెల్లెలి పెళ్ళి ఆగిపోతుంది. అసలువాడు ఆ నంబరు మార్చేసి ఇంకో కుర్రాణ్ణి వెతుక్కుంటాడు. మోసేవాడికీ సరుకు యజమానికీ శిక్షలో తేడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో, విచారణ తేలకుండా ఏళ్ళ తరబడి లోపల ఉంచినప్పుడు 37 ఉన్నా బెయిలు ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు అనడం కొంచెం ఊపిరి పోసింది. అయినా ఆ ఏళ్ళు వెనక్కి రావు కదా!

అందుకే నీ క్లాసులో మిగతావన్నీ పక్కన పెట్టి ఒక్క మాట చెప్పు: లోపల ఏముందో చూడకుండా ఎవరి బ్యాగూ, ఎవరి పార్సిలూ మోయొద్దు, స్నేహితుడు బతిమాలినా సరే. "నాకు తెలియదు" అన్నమాట కోర్టులో నిరూపించుకునేసరికి వయసు గడిచిపోతుంది.

సోదా పద్ధతి గురించి క్లుప్తంగా. మనిషి ఒంటిమీద వెతకాలంటే, గెజిటెడ్ ఆఫీసరు దగ్గరో మేజిస్ట్రేటు దగ్గరో సోదా చేయించుకునే హక్కు ఉందని ముందు చెప్పాలి, ఇది యాభయ్యో సెక్షన్. ఆడపిల్లను ఆడవాళ్ళే సోదా చేయాలి. అయితే చేతిలోని బ్యాగుకు ఈ సెక్షన్ వర్తించదు, ఈ సంగతి తెలియక కొందరు లేనిపోని ఆశలు పెట్టుకుంటారు. దొరికిన సరుకు నమూనాలు మేజిస్ట్రేటు ఎదుట తీయాలి, ఇది 52ఏ సెక్షన్. పోలీసుల దగ్గర ఒప్పుకున్నట్టు రాసిన కాగితం సాక్ష్యంగా చెల్లదు. ఎక్సైజు, ఎన్‌సీబీ (కేంద్ర నార్కోటిక్స్ బ్యూరో) అధికారుల దగ్గర ఇచ్చిందైనా అంతేనని 2020లో తూఫాన్ సింగ్ కేసులో తేల్చారు.

ఇక మీవాడి సంగతి. ఎవరో "నేరం ఒప్పేసుకో, ఫైనుతో పోతుంది" అంటున్నారని రాశావు. తొందరపడొద్దు. ఫైను కట్టినా అది శిక్ష పడినట్టే, రేపు ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్‌లో కనబడుతుంది. మళ్ళీ ఇలాంటి కేసులో దొరికితే శిక్ష ఒకటిన్నర రెట్ల దాకా పోతుంది. పైగా పద్దెనిమిది దాటినవాడికి ఈ నేరంలో జైలు బదులు మంచి నడవడి హామీ మీద వదిలే మామూలు ప్రొబేషన్ చట్టం వర్తించదు.

కానీ చట్టంలో ఇంకో తలుపుంది, దాన్ని తట్టేవాళ్ళు తక్కువ. వాడు నిజంగా అలవాటు పడ్డవాడైతే, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న డీఅడిక్షన్ సెంటర్లో చికిత్సకు వస్తే, చిన్న పరిమాణం కేసు నుంచీ, వాడిన నేరం నుంచీ 64ఏ సెక్షన్ కాపాడుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. ఒకవేళ దోషి అని తేలినా, జైలుకు పంపే బదులు వాడి ఒప్పుకోలుతో బాండు రాయించుకుని చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. ఇవి వాటంతటవే జరగవు, లాయరు నోరు తెరిచి అడగాలి. వాడితో నువ్వు ఒంటరిగా మాట్లాడు, తిట్టొద్దు. ఎప్పటినుంచి, ఎంత, రాత్రుళ్ళు నిద్ర పడుతోందా అని అడుగు. మాస్టారుగా నీకు చెప్పినంత వాడు నాకు చెప్పడు. డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, ఆ నంబరు వాళ్ళమ్మకి కూడా ఇవ్వు. లాయరు ఫీజుకు ఇబ్బందైతే ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయమను, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు మనిషిని పెడతారు. మంచి లాయర్లే వస్తారు, ఊరికే వచ్చారని చులకనగా చూడొద్దని చెప్పు.

నాకు మూడు కాగితాలు కావాలి: ఎఫ్ఐఆర్, మధ్యవర్తుల నివేదిక, రిమాండ్ రిపోర్టు. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, నివేదికలో తూకం రాసిన పేజీ మాత్రం స్పష్టంగా రావాలి. గది తాళాలు ఎవరెవరి దగ్గర ఉండేవో మిగతా ఇద్దరినీ విడివిడిగా అడిగి రాసిపెట్టు. వచ్చే శనివారం కర్నూలు వస్తున్నా, మధ్యాహ్నం మీ కాలేజీలో ఒక గంట ఇప్పించగలిగితే పిల్లలతో ఇవన్నీ నేనే మాట్లాడతా. ప్రిన్సిపాల్‌ను ఇప్పుడే అడిగి ఉంచు. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
బావ