లేచి నిలబడితే చాలు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ మీ అమ్మకి చదివి వినిపించాను. మీ యూనివర్సిటీలో విద్యార్థులు ఎన్నుకునే స్టూడెంట్ సెనేట్‌కి గెలిచావని సంబరపడేలోపే, మీటింగు మొదట్లో అమెరికా జెండా ప్రతిజ్ఞ చదవాలా వద్దా అన్న గొడవలో ఇరుక్కున్నావని తనకి టెన్షన్ పట్టుకుంది. "ఊరు కాని ఊళ్లో దీనికెందుకొచ్చిన రాజకీయాలు?" అంటోంది. నాకు మాత్రం ముచ్చటగానే ఉంది.

ముందు నీ సంగతి. నీ దగ్గరున్నది ఇండియా పాస్‌పోర్టు, స్టూడెంట్ వీసా. ఆ జెండాకీ, ఆ గణతంత్రానికీ విధేయంగా ఉంటానని చెప్పడమే ఆ ప్రతిజ్ఞ. అది ఆ దేశపు పౌరులు చెప్పుకోవాల్సింది. రేపెప్పుడైనా నువ్వు అక్కడి పౌరసత్వం తీసుకుంటే మనస్ఫూర్తిగా చెప్పు, నేను అడ్డం రాను. ఇప్పటికి మాత్రం అందరితోపాటు లేచి, నిటారుగా నిలబడు. పెదవులు ఊరికే కదపడం, ఫోన్ చూసుకోవడం లాంటివి చెయ్యకు.

ఇది నా సొంత తెలివేం కాదు. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులు సరిగ్గా ఇలాగే నిలబడ్డారు. వాళ్లది యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబం. స్కూల్లో జనగణమన పాడేటప్పుడు మర్యాదగా నిలబడేవాళ్లు, మతవిశ్వాసం ఒప్పుకోదని పాడేవాళ్లు కాదు. అందుకని స్కూలు ఆ పిల్లల్ని బయటికి పంపేసింది. 1986లో సుప్రీంకోర్టు పిల్లల పక్షానే తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసింది మన ఆంధ్రా హైకోర్టు నుంచి వెళ్లిన ఓ. చిన్నప్పరెడ్డి గారే. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చెయ్యొద్దు అన్నారాయన.

ఆ తీర్పులో ఆయన ప్రస్తావించినవాటిలో అమెరికా సుప్రీంకోర్టు 1943 నాటి బార్నెట్ కేసు ఒకటి. మీ సెనేట్లో ఎవరైనా గొంతు పెంచితే ఆ పేరు చెప్పు. వెస్ట్ వర్జీనియాలో జెండాకి వందనం చెయ్యని పిల్లల్ని బడి నుంచి తీసేస్తే, ఎవరి చేతా బలవంతంగా ప్రతిజ్ఞ చెప్పించడానికి వీల్లేదని కోర్టు 6-3 మెజారిటీతో తేల్చింది. అంతకు మూడేళ్ల ముందు అదే కోర్టు 8-1తో సరిగ్గా ఉల్టా చెప్పింది. ఆ తీర్పు వచ్చాక చాలా ఊళ్లలో యెహోవా సాక్షుల మీద మూకదాడులు జరిగాయి. 1943 అంటే రెండో ప్రపంచయుద్ధం మధ్యలో ఉన్నారు, ఆవేశాలు ఎలా ఉండేవో ఊహించుకో. అలాంటప్పుడు తమ తీర్పును తామే తిరగరాసుకోవడానికి గుండెధైర్యం కావాలి. కాబట్టి ప్రభుత్వ యూనివర్సిటీలో నువ్వు ప్రతిజ్ఞ చెప్పలేదని ఎవరూ నిన్ను తప్పుపట్టి శిక్షించలేరు.

ఆ ప్రతిజ్ఞ అనాదిగా అలాగే ఉందని మీ సీనియర్ అన్నాడని రాశావు. లేదమ్మా. 1892లో, కొలంబస్ అక్కడ అడుగుపెట్టి నాలుగు వందల ఏళ్లయిన సందర్భంగా, ఫ్రాన్సిస్ బెల్లమీ అనే పాస్టరు ఒక పత్రిక కోసం రాశాడు. అందులో మొదట దేవుడి మాటే లేదు, 1954లో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ఉండగా చేర్చారు. మీ సెనేట్లో నాస్తికుడైన ఆ అబ్బాయి అభ్యంతరం అక్కడే కాబట్టి, అతన్ని దేశద్రోహి అనడం అన్యాయం. ఇంకో సంగతి: మొదట్లో అక్కడి పిల్లలు జెండా వైపు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చెప్పేవాళ్లు. అది హిట్లర్ సెల్యూట్‌లా ఉందని 1942లో మానేసి గుండె మీద చెయ్యి పెట్టుకోవడం మొదలెట్టారు.

మన బడుల్లో ఇప్పటికీ చెయ్యి చాచే చెప్తాం. ఎండలో అసెంబ్లీ, భుజం లాగేస్తుంటే ముందున్నవాడి వీపు మీద వేళ్లు ఆనించడం, డ్రిల్లు మాస్టారు చూడగానే మళ్లీ ఎత్తడం! నువ్వు కూడా చేసే ఉంటావు. మన ప్రతిజ్ఞ పుట్టింది మన వైజాగ్‌లోనే, అదీ తెలుగులో. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు ఇక్కడ జిల్లా ట్రెజరీ ఆఫీసరుగా ఉండగా 1962లో రాశారు. విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం గారికి చూపిస్తే, ఆయన విద్యామంత్రి పీవీజీ రాజు గారి దాకా తీసుకెళ్లారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా చదవడం మొదలైంది. నాది కూడా ట్రెజరీ ఉద్యోగమే కదా, బిల్లులు పాస్ చేసే మా శాఖ నుంచి ఇలాంటిది వచ్చిందంటే నాకు ఇప్పటికీ గర్వమే. అందుకే ప్రతిజ్ఞలన్నీ ఉత్త తంతు అన్న నీ మాట నేను ఒప్పుకోను. మన దగ్గరా బలవంతం పనికిరాలేదు, అది నిజం. సినిమాహాళ్లలో జాతీయగీతం తప్పనిసరి అని 2016లో అన్న సుప్రీంకోర్టే 2018లో దాన్ని హాలువాళ్ల ఇష్టానికి వదిలేసింది.

ఇక నీ ఓటు. అందరూ చెప్పి తీరాలి అన్న తీర్మానం వస్తే మొహమాటపడకుండా వద్దని ఓటెయ్యి. అలాగని ప్రతిజ్ఞని పూర్తిగా తీసెయ్యాలన్న మీ స్నేహితుల తీర్మానానికీ చెయ్యెత్తకు. 2006లో కాలిఫోర్నియాలో ఆరెంజ్ కోస్ట్ కాలేజీ విద్యార్థి నాయకులు అలాగే తీసేస్తే దేశమంతా రచ్చయింది. మీలో సైన్యంలో పనిచేసిన నాన్నో, అన్నో ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లకి అది ఉత్త మాటలు కాదు, వాళ్ల నోరు మూయించే హక్కు మీకూ లేదు. మీటింగు అధికారికంగా మొదలయ్యే ముందు ఇష్టమైనవాళ్లు చెప్పుకుంటారు, చెప్పనివాళ్ల పేరు ఎక్కడా రాయరు అని సవరణ పెట్టు. రెండు వర్గాలూ నిన్ను కాసేపు తిట్టుకుంటాయి. తిట్టుకోనీ.

అసలు నిన్ను గెలిపించింది రాత్రి పది తర్వాత లైబ్రరీ నుంచి హాస్టళ్లకి బస్సు వేయిస్తానన్నందుకు కదా? ఈ ప్రతిజ్ఞ చర్చలో ఆ సంగతి అజెండా నుంచి జారిపోయిందని నువ్వే రాశావు. ఈసారి దాన్ని మొదటి అంశంగా పెట్టించు, జెండా సంగతి ఆ తర్వాత.

ఓటింగ్ అయ్యాక ఫోన్ చెయ్యి. ఇక్కడ టైమెంతో చూడకు, మీ అమ్మ ఎలాగూ నిద్రపోదు.

మీ నాన్న