‘కానీ’ అనే మాట వదిలెయ్, పాపా

తిరుపతి

పాపా,

దర్శనానికి వస్తానన్నావు, మరుసటి రోజు మహతి ఆడిటోరియంలో పాటల కార్యక్రమం అన్నావు. “గే హక్కుల గురించి మైకు పెట్టి అడిగితే ఏం చెప్పాలమ్మా?” అని మొన్న అడిగావు. అది ఫోన్లో తేలే మాట కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా. రైల్లో ఇంకోసారి చదువుకో.

ముందు చోటు సంగతి. కొండ మీద రాజకీయ వ్యాఖ్యలు చేయకూడదని 2024 నవంబరులో టీటీడీ బోర్డు తీర్మానించింది. అయినా పేరున్న మనిషి గుడి బయటికి రాగానే మైకులు ముందుకొస్తాయి. పెళ్లి చట్టం, ప్రభుత్వ వైఖరి అన్నాక అది రాజకీయ ప్రశ్నే. “దర్శనం బాగా జరిగింది, మిగతావి కింద మాట్లాడుకుందాం” అని నమస్కారం పెట్టి వచ్చెయ్. అలిపిరి దాటి కిందికి వచ్చాక మాత్రం తప్పించుకోవద్దు. కింద మాట్లాడతానని చెప్పి మాట్లాడకపోతే అది కూడా ఒక జవాబే అవుతుంది.

ఇక మాట ఎట్లా చెప్పాలి అనేది. వాళ్లు వాడుకునేది పదిహేను, ఇరవై సెకన్ల ముక్క. మన తెలుగులో కాదు, లేదు, అనుకోను అనేవన్నీ వాక్యం చివర్లో వస్తాయి. “అది తప్పు అని నేను అనుకోను” అని నువ్వు నిండు మనసుతో అంటావు. చివరి మాట ఒక్కటి కత్తిరిస్తే నీ నోటితోనే “అది తప్పు అని నేను” అని మిగులుతుంది. థంబ్‌నెయిల్ మీద “అది తప్పు” అని ఎర్ర అక్షరాలు, పక్కన నీ మొహం. అందుకని తప్పు, నేరం, రోగం అనే మాటలు కాదనడానికి కూడా నీ నోట రానివ్వద్దు. ఎక్కడ కత్తిరించినా అర్థం మారని చిన్న వాక్యాలు చెప్పు. ఇట్లా:

“ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి బతకడం వాళ్ల హక్కు. 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో మన హైకోర్టు ఇద్దరు ఆడవాళ్ల విషయంలో అదే చెప్పింది. వాళ్లు మన ఇళ్లల్లో పుట్టిన పిల్లలు.”

నిదానంగా పలికినా పదిహేను సెకన్లే. నాలుగు వాక్యాల్లో ఏది విడిగా తీసినా నీ మాటే నిలబడుతుంది. అద్దం ముందు పదిసార్లు అని చూసుకో. పాటకు సాధన చేసినట్టే దీనికీ చెయ్యాలి.

“కానీ” అనే మాట పూర్తిగా వదిలెయ్. “వాళ్లంటే నాకు గౌరవమే, కానీ మన సంస్కృతి...” అన్నావంటే మొదటి సగం ఎవరికీ గుర్తుండదు. పలమనేరులోనో పుత్తూరులోనో ఒక ఇంట్లో ఆ ముక్క ఫోన్లో ఆడుతూ ఉంటుంది. చూసే తల్లి పక్కనే పందొమ్మిదేళ్ల కొడుకు అన్నం తింటూ ఉంటాడు. నీ కానీ తర్వాత వచ్చే నాలుగు మాటలతో ఆ తల్లి “చూసినావా, ఆ అమ్మాయి కూడా అదే అంటా ఉంది” అంటుంది. ఆ పిల్లోడు చెప్పాలనుకున్నది ఇంకో పదేళ్లు గొంతులోనే ఉండిపోతుంది. నువ్వు మాట్లాడేది విలేకరితో కాదు పాపా, ఆ ఇంటితో.

పదాల దగ్గర కూడా జాగ్రత్త. పత్రికలు ఎక్కువగా “స్వలింగ సంపర్కులు” అని రాస్తాయి. ఆ మాట మనిషిని వదిలేసి పడకగదిని చూపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు టీవీ కట్టేసేది కూడా ఆ మాట వినగానే. “స్వలింగ ప్రేమికులు” అను, లేదా గే, లెస్బియన్ అని వాళ్లు చెప్పుకునే పేరే వాడు. ట్రాన్స్‌జెండర్ వేరు, గే వేరు. మొదటిది తాను ఎవరు అనే సంగతి, రెండోది ఎవరి మీద మనసు పడుతుంది అనే సంగతి. ఈ రెండూ కలిపేసి మాట్లాడే పెద్దమనుషులే ఎక్కువ. “తేడా”, “పాయింట్ ఫైవ్” లాంటి వెక్కిరింపులు యాంకర్ నవ్వుతూ అన్నా నువ్వు నవ్వొద్దు. ఆ నవ్వు కూడా క్లిప్పులో ఉంటుంది. ఆ మాటలున్న పాట నీ దగ్గరికొస్తే పాడనని చెప్పు. మైకు ముందు చెప్పిన మాటకు విలువ వచ్చేది అక్కడే.

చట్టం ఎంతవరకు ఉందో తెలియకుండా మాట్లాడటం వల్లే చాలామంది దొరికిపోతారు. వరస గుర్తుపెట్టుకో. ప్రకృతికి విరుద్ధమంటూ గే సంబంధాన్ని, ఇష్టంతో అయినా బలవంతంగా అయినా, నేరం చేసిన సెక్షన్ 377 ఇంగ్లీషువాళ్లు 1860లో రాసిన శిక్షాస్మృతిలోది. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, ఇష్టపడిన పెద్దవాళ్లకు అది వర్తించదంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2017లో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది జడ్జీలు చెప్పడంతో దారి మళ్లీ తెరుచుకుంది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా నేరం కాదన్నారు. వీళ్లకూ వీళ్ల కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలని జస్టిస్ ఇందు మల్హోత్రా రాసింది ఆ తీర్పులోనే. కేసు వేసినవాళ్లలో నాట్యకారుడు నవతేజ్ జోహార్, పాకశాస్త్ర నిపుణురాలు రీతూ దాల్మియా ఉన్నారు. నేరమని చట్టం అంటున్న రోజుల్లో తమ పేర్లతో అఫిడవిట్ మీద సంతకం పెట్టారు. పేరున్నవాళ్లు గొంతు విప్పడం అంటే నా దృష్టిలో అదీ. గే హక్కుల నెల (ప్రైడ్) అని జూన్‌లో ఇంద్రధనుస్సు రంగులు పోస్టు చేయడం చాలా చిన్న పని.

పెళ్లి సంగతి వేరు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీలూ పెళ్లి చేసుకునే ప్రాథమిక హక్కు రాజ్యాంగంలో లేదన్నారు. జంటగా గుర్తింపు, దత్తత విషయాల్లో తీర్పు 3-2గా చీలింది, ఇద్దరే ఇవ్వాలన్నారు. తీర్పును మళ్లీ చూడమన్న రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు. కాబట్టి “మన దేశంలో గే పెళ్లి చట్టబద్ధం” అన్నా తప్పే, “గే జంటలు కలిసి ఉండటం నేరం” అన్నా తప్పే. అదే తీర్పులో ఇంకొకటి ఉంది, ఎవరూ చెప్పరు. ట్రాన్స్‌జెండర్ స్త్రీ పురుషుణ్ని, ట్రాన్స్‌జెండర్ పురుషుడు స్త్రీని ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చు.

తర్వాత 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో కేంద్రం కొన్ని సూచనలు పంపింది. జంట కలిసి జాయింట్ ఖాతా తెరవొచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు, రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా ఉండొచ్చు, దగ్గరి బంధువులు లేకపోతే భౌతికకాయాన్ని తోడు మనిషి తీసుకోవచ్చు. ఇవి చట్టాలు కావు, శాఖల సూచనలు. కౌంటర్లో ఉన్న మనిషికి తెలియకపోతే పని జరగదు. వేదిక మీద నీకు రెండు నిమిషాలు దొరికితే ఇదే చెప్పు. వినేవాళ్లలో ఒక్కరికైనా సోమవారం బ్యాంకుకు పోయి అడిగే ధైర్యం వస్తుంది.

ఇప్పుడు రాజకీయం. “మీరు ఏ పార్టీ వైపు?” అనేది తప్పకుండా వస్తుంది. పార్టీ పేరుతో జవాబు ఇస్తే ఆ క్షణం నుంచి విషయం గే పిల్లలది కాదు, ఆ పార్టీది అయిపోతుంది. ఎవరు ఏం చేశారో చెప్పు, చాలు. కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ 377 సవరణకు లోక్‌సభలో సొంతంగా ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టాలని చూశారు. 2015 డిసెంబరులో పెట్టడానికే ఒప్పుకోలేదు, 71 మంది వద్దన్నారు, 24 మంది సరేనన్నారు. 2016 మార్చిలో మళ్లీ ప్రయత్నిస్తే వద్దన్నవాళ్లు 58, సరేనన్నవాళ్లు 14. ఆ రోజుల్లో సభలో ఉన్నవాళ్లు ఐదు వందలకు పైనే కదా, మిగతావాళ్లు ఏమయ్యారో ఆ అంకెలే చెప్తాయి. 2018లో కేంద్రం 377 విషయాన్ని కోర్టు విజ్ఞతకు వదిలేసింది. 2023లో గే పెళ్లిని గట్టిగా వ్యతిరేకించి, ఇది పట్టణాల్లోని పైవర్గాల ఆలోచన అంది. అదే ఏడాది జనవరిలో ఆరెస్సెస్ అధినేత మోహన్ భాగవత్, ఇట్లాంటివాళ్లు సమాజంలో ఎప్పటినుంచో ఉన్నారు, వాళ్లకూ బతికే హక్కుంది అన్నారు. 2024 మేనిఫెస్టోలో కాంగ్రెస్ జంటల గుర్తింపుకు చట్టం తెస్తామని రాసింది.

ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకో. 2023లో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగినప్పుడు పెళ్లిని వ్యతిరేకిస్తూ జవాబు పంపినవి మూడు. రాజస్థాన్, అస్సాం, మన ఆంధ్రప్రదేశ్. అప్పుడు రాజస్థాన్‌లో కాంగ్రెస్, అస్సాంలో బీజేపీ, మన దగ్గర వైఎస్సార్‌సీపీ. మూడు రాష్ట్రాలు, మూడు పార్టీలు, జవాబు ఒకటే. ఇది ఒక పార్టీని తిడితే తీరే పంచాయితీ కాదని చెప్పడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు. మంచి కూడా చెప్పు. ట్రాన్స్‌జెండర్లకు పింఛను మొదలుపెట్టింది తెలుగుదేశం ప్రభుత్వమైతే, తర్వాత వచ్చినవాళ్లూ కొనసాగించారు. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. మనసుంటే పార్టీలు మారినా పని ఆగదని అది చూపిస్తుంది.

ఎవరూ పట్టించుకోని ఖాళీ ఒకటుంది, నీకు వీలైతే అది ఎత్తు. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతి స్థానంలో కొత్త భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు 377 మొత్తంగా పోయింది. మంచిదే అనిపిస్తుంది. అయితే మగవాడి మీద బలవంతంగా జరిగే లైంగిక దాడికి పాత చట్టంలో ఉన్న ఒకే ఆసరా అదే. అత్యాచారం సెక్షను బాధితురాలు స్త్రీ అయితేనే వర్తిస్తుంది. పద్దెనిమిది లోపు పిల్లలకు పోక్సో చట్టం ఉంది, పెద్దవాళ్లకు లేదు. ఇష్టం లేకుండా చేసేదాన్ని నేరంగా ఉంచండని పార్లమెంటు స్థాయీ సంఘం 2023లోనే సిఫారసు చేసింది, వినలేదు. “దీన్ని సరిచేయండి” అని ఏ పార్టీ ఎంపీనైనా అడగొచ్చు, ఎవరూ తప్పుపట్టలేరు.

మన ఊళ్లో మాట్లాడేవాళ్లు చేసే పెద్ద పొరపాటు దేవుణ్ని సాక్షిగా పిలవడం. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టి, గాజులు వేసుకుని, మొహానికి పసుపు పూసుకుని వస్తారు. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు పొద్దున స్వామి మోహినీ అలంకారంలో పల్లకీ ఎక్కుతాడు. “చూడండి, మన సంస్కృతిలోనే ఉంది” అని సభలో అంటే చప్పట్లు పడతాయి. అయితే గంగమ్మకు వేషం వేసేది మొక్కు. ఆ చీర కట్టిన మనిషికి నువ్వు చెప్పే దానితో సంబంధం లేదు, ఆయనకు కోపం రావడంలో న్యాయం ఉంది. ఆ సాయంత్రం నుంచి వాదన అమ్మవారి మీదకు మళ్లుతుంది, పిల్లల సంగతి పక్కకు పోతుంది. హక్కుకు రాజ్యాంగం చాలు. 14, 15, 19, 21 అధికరణాలు, 2018 తీర్పు నిలబడింది వాటి మీదే.

డాక్టర్ల మాట కూడా ఒక వాక్యం ఉండాలి, ఎందుకంటే మన దగ్గర తల్లిదండ్రులు మొదట పరిగెత్తేది మందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మన సైకియాట్రిక్ సొసైటీ 2018లో ఇది జబ్బు కాదంది. మారుస్తామని “చికిత్స” చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది, అదీ మద్రాసు హైకోర్టు ఆదేశాల మీద. “మారుస్తామన్న డాక్టరు మీద ఫిర్యాదు చేయొచ్చు” అని చెప్పు, అది తల్లిదండ్రుల చెవిన పడాలి.

ఇంకొకరి పేరు మాత్రం ఎప్పుడూ ఎత్తొద్దు. “ఇండస్ట్రీలో చాలామంది ఉన్నారు కదా, ఎవరైనా తెలుసా?” అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చేది ఆ ఒక్క పేరు కోసమే. తెలిసినా చెప్పకూడదు, సైగ చేయకూడదు, నవ్వి ఊరుకోకూడదు. ఒకరి గోప్యత ఇంకొకరు విప్పేది కాదు. అబద్ధమైతే న్యాయ సంహిత 356 కింద పరువు నష్టం కేసు, నిజమైతే ఆ మనిషి ఇల్లు కూలిపోవచ్చు. ఒడిశా పల్లెలో చేనేత కుటుంబంలో పుట్టిన పరుగుల క్రీడాకారిణి ద్యుతీ చంద్ చేసింది చూడు. ఆసియా క్రీడల్లో రెండు రజతాలు గెలిచిన మరుసటి ఏడు, 2019 మేలో, తన తోడు ఒక అమ్మాయి అని చెప్పింది. ఆ అమ్మాయి పేరు మాత్రం చెప్పలేదు. తన గురించి అంత ధైర్యంగా చెప్పిన మనిషి పక్కమనిషిని అంత భద్రంగా దాచింది. నాకు ఆ రెండోదే ఇంకా గొప్పగా కనిపిస్తుంది.

మాట్లాడేటప్పుడు నీ ఫోన్లో కూడా రికార్డు చెయ్. అయిపోయిన పావుగంటలో అవే నాలుగు వాక్యాలు తెలుగులో టైపు చేసి విలేకరులకు పంపు. డెస్కులో కూర్చున్నవాళ్లకు రాసిన మాట దొరికితే సొంతంగా అల్లే అవసరం ఉండదు. క్లిప్పు వంకరగా వచ్చినా కామెంట్లలో తగువుకు దిగొద్దు. పూర్తి వీడియో ఒక్కసారి పెట్టి ఊరుకో.

ఆ రాత్రి నుంచి నీకు మెసేజీలు వస్తాయి. తిట్లు వదిలెయ్. వాటి మధ్యలో ముక్కూ మొహం తెలియని ఎవరో “అక్కా, నేను కూడా” అని రాస్తారు. “ధైర్యంగా ఇంట్లో చెప్పెయ్” అని మాత్రం అనొద్దు. ఇంట్లోంచి గెంటేస్తే ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారో నీకు తెలియదు. వయసెంత, చేతిలో సొంత సంపాదన ఉందా, నమ్మకంగా పోగలిగే ఇల్లు ఇంకొకటి ఉందా అని అడుగు. మనసు బాగా లేదంటే టెలిమానస్ 14416, ఇంట్లో బంధించారు, కొడుతున్నారు అంటే ఉచిత న్యాయ సహాయానికి 15100, పద్దెనిమిది లోపయితే పిల్లల సహాయ నంబరు 1098. ఈ మూడు నంబర్లు ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకో. ఆ మెసేజీలు స్క్రీన్‌షాట్ తీసి ఎవరికీ పంపొద్దు, నాకు కూడా.

అమ్మ