బల్లార్షా నుంచి ఒక ఉత్తరం

ప్రియ మిత్రమా,

గని ప్రణాళికలో ప్రమాదాన్ని అంకెల్లో ఎలా కొలుస్తారని అడిగావు. వాన వల్ల ఓపెన్‌కాస్టులో, అంటే నేలను పైనుంచే తెరిచి తవ్వే గనిలో, పని ఆగింది కనుక తీరిగ్గా రాస్తున్నాను.

కీడు జరిగే అవకాశమెంత, జరిగితే నష్టమెంత, ఆ చోట మనుషులు ఎంతసేపు ఉంటారు అనే మూడింటికీ మార్కులు వేసి, గుణించి, పెద్ద అంకె వచ్చినదాని సంగతి ముందు చూస్తాం. 2017 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం ప్రతి గనికీ భద్రతా నిర్వహణ ప్రణాళిక ఉండి తీరాలి. అయితే మార్చిలో ఎండిన నేలను చూసి వేసిన మార్కు జూలైలోనూ పట్టికలో అలాగే ఉండిపోతుంది, నన్ను భయపెట్టేది అదే.

మన చంద్రపూర్ వైపు పైపొర నల్లరేగడి. వేసవిలో నెర్రెలిచ్చి రాయిలా బిగిసే ఆ మట్టి, నాలుగు వానలు పడగానే ఉబ్బి జారుడుబండ అవుతుంది. దాన్ని గీకి తీయకుండా దానిమీదే డంపు, అంటే బొగ్గు పైనుంచి తవ్వి తీసిన మట్టి గుట్ట, పోస్తే, పైన వాలు ఎంత జాగ్రత్తగా పెట్టినా అడుగు నిలవదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గనిలో డంపు చుట్టూ నీటి కాలువను నేనే కాగితం మీద గీశాను. వానలకు ముందు తవ్వవలసిన యంత్రం బొగ్గు దగ్గరే ఉండిపోయింది, నేనూ గట్టిగా అడగలేదు. ఆగస్టులో డంపు నెత్తిన పగులు కనబడితే, దానికి అటూ ఇటూ రెండు ఇనుప మేకులు కొట్టి టేపు పట్టాం. పొద్దున 62 సెంటీమీటర్లు, మధ్యాహ్నం 65, దీపాలు వేసే వేళకు 71. కదలిక కంటే ఆ కదలిక వేగం పెరగడమే అసలు సూచన. షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ ఎవరినీ అడగకుండా కింద ఉన్న షావెల్ అనే తవ్వే యంత్రాన్నీ, మట్టి మోసే డంపర్లనూ వెనక్కి రప్పించాడు. ఆ రాత్రే మట్టి జారి, షావెల్ నిలబడిన చోటును కప్పేసింది.

అలాగని వానాకాలం దాటితే నిశ్చింత అనుకోకు. 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని రాజమహల్ ఓపెన్‌కాస్టు గనిలో డంపు కూలి 23 మంది చనిపోయారు.

ఇప్పుడు ప్రణాళికలో రెండు విషయాలు తప్పకుండా రాయిస్తున్నాను. మేకుల మధ్య దూరం ఎంత పెరిగితే, ఎవరు, పైవారిని అడగకుండా పని ఆపించవచ్చు అన్నది ఒకటి. బొగ్గు తవ్వే చోటైన ఫేసు ఒకటి ఆగినా, రెండో ఫేసులో కొన్నాళ్లకు సరిపడా బొగ్గు ముందే తెరిచి ఉంచడం మరొకటి. ఉత్పత్తి ఆగదని తెలిస్తేనే ఆ మనిషికి ఆపమని చెప్పే ధైర్యం వస్తుంది.

మీ మంచిర్యాల గనుల్లో రాత్రి షిఫ్టులో ఆ టేపు ఎవరు పడతారో, ఆ లెక్క ఎక్కడ రాస్తారో వివరంగా రాయి. మా పట్టిక వచ్చే వారమే తిరగరాస్తున్నాం.

నీ మిత్రుడు