ఒమేనా చేపలమ్మే ఆ చెల్లికి

మలేరియాతో ఆస్పత్రిలో చేర్చిన మా పిల్లల హోం పిల్లాడు ఇవాళ మధ్యాహ్నం డిశ్చార్జి అయ్యాడు. హోంకి తెచ్చి పడుకోబెట్టాం. జావ ఒక కప్పు తాగి, ఇంకో సగం కప్పు అడిగాడు. ఇక భయం లేదు.

నాకు ఒళ్లంతా నొప్పులు, కళ్లు మండుతున్నాయి. అయినా ఇప్పుడే కూర్చుని రాయకపోతే రేపటి నుంచి మళ్లీ పనుల్లో పడిపోతాను. అందుకే ఎలా వస్తే అలా రాసేస్తున్నాను. ఎలా ఉన్నాడని ఫోన్లు చేసినవాళ్లూ, మెసేజ్‌లు పెట్టినవాళ్లూ అందరూ ఇదే నా జవాబు అనుకోండి. విడివిడిగా చెప్పే ఓపిక లేదు.

నా సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పాడేరు ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కెన్యాలో, కిసుము పట్టణానికి కాస్త దూరంలో ఉన్న ఒక పిల్లల హోంలో వాలంటీరుగా ఉంటున్నాను. గేటు దాటి కొంచెం నడిస్తే విక్టోరియా సరస్సు కనిపిస్తుంది. చుట్టుపక్కల అంతా లువో తెగ జనం, మాట్లాడేదీ లువో భాషే.

అక్కడ నువ్వేం చేస్తావని చాలామంది అడుగుతుంటారు. గొప్ప పనులేమీ లేవు. తెల్లారకముందే లేస్తాం. 20 లీటర్ల పసుపు డబ్బాలు వరసగా పెట్టి నీళ్లు పట్టుకుంటాం. పిల్లలకి ఉజి, అంటే మన జావే, పోసి, యూనిఫాంకి ఊడిన గుండీలు కుట్టి, ఒకడి సాక్సు ఇంకొకడు వేసుకున్నాడన్న పంచాయితీ తీర్చి బడికి పంపిస్తాం. మధ్యాహ్నం మొక్కజొన్న గింజలూ చిక్కుడు గింజలూ కలిపి ఉడికించిన గిథేరి. రాత్రికి ఉగాలి, పక్కన ఆకుకూర. ఉగాలి మన సంకటి లాంటిదే, కాకపోతే తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు. రాయలసీమవాళ్లెవరైనా వస్తే రెండో రోజుకే అలవాటు పడిపోతారు. నేను ఉత్తరాంధ్ర మనిషిని, నాకు నెల పట్టింది. శనివారం బట్టలుతుకుడు, గుండ్లు గీయడం. ఆదివారం చర్చి. చీకటి పడేవేళకి దోమతెరలన్నీ దించి, చిరుగులున్నాయేమో చూడటం నా డ్యూటీ. పెద్ద కుర్రాళ్లు ఒకసారి మంచి తెర ఒకటి ఎత్తుకెళ్లి ఫుట్‌బాల్ గోలుకి కట్టారు. తిట్టాను గానీ, గోలు మాత్రం బాగా కుదిరింది.

ఫొటోలు పెట్టవేం అంటారు. పిల్లల ముఖాలు, పేర్లు బయట పెట్టకూడదన్నది హోం నియమం. మంచి నియమం. రెండు వారాల కోసం వచ్చి, చంకలో ఒక బిడ్డ, వీపు మీద ఒక బిడ్డతో సెల్ఫీలు దిగి వెళ్లిపోయేవాళ్లని చూశాక నాకు ఇంకా మంచిదనిపించింది. అందుకే ఈ పిల్లాడి పేరు కూడా రాయను. ఏడేళ్లవాడు. సికిల్ సెల్ ఉంది, అంటే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు.

ఆ రాత్రి హౌస్ మదర్ వచ్చి తలుపు కొట్టింది. జ్వరం, కళ్లు పచ్చగా ఉన్నాయి, అరచేతులు తెల్లగా పాలిపోయాయి. సికిల్ సెల్ ఉన్న బిడ్డకి మలేరియా తగిలితే రక్తం ఎంత తొందరగా పడిపోతుందో నాకు తెలుసు. పిల్లాణ్ని మధ్యలో కూర్చోబెట్టుకుని బోడాబోడా ఎక్కాను. బైక్ టాక్సీని ఇక్కడ అలా అంటారు.

ఆస్పత్రిలో క్లినికల్ ఆఫీసరు వెంటనే చూశాడు. ఇక్కడ డాక్టర్లు తక్కువ, చాలాచోట్ల వైద్యం నడిపేది ఈ క్లినికల్ ఆఫీసర్లే. మలేరియా పాజిటివ్. హిమోగ్లోబిన్ నాలుగు కూడా లేదు. మలేరియా మందు ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఆలస్యం లేకుండా ఇచ్చాడు. వైద్యం విషయంలో నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

ఆ తర్వాత మొదలైంది డబ్బు కట్టే కిటికీ దగ్గర గొడవ. ముందు డిపాజిట్ కట్టాలి. పిల్లాడికి నువ్వేమవుతావు? తల్లివి కాదు, గార్డియన్‌వి కాదు. జనన ధ్రువపత్రం ఏది? కోర్టు పిల్లాణ్ని హోంకి అప్పగించిన ఆర్డరేది? ఆరోగ్య బీమాలో పేరుందా? బీమాలో చేర్చడానికి వెళ్తే ధ్రువపత్రం కావాలన్నారు, అది లేదనే కదా పేరు చేరలేదు. కోర్టు కాగితాలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. తాళాలు డైరెక్టర్ దగ్గర ఉన్నాయి. ఆయన నైరోబీలో ఉన్నారు. సోమవారం రండి, చూద్దాం అన్నారు. హిమోగ్లోబిన్ సోమవారం దాకా ఆగుతుందా?

తల్లిదండ్రులు లేని పిల్లల దగ్గరే కాగితాలుండవు. కాగితాల కోసం గట్టిగా పట్టుబట్టేదీ వాళ్ల దగ్గరే. ఇది కెన్యా ఒక్కదానికే అంటగట్టను. కొండ దిగి వచ్చిన మనిషిని కార్డేదని నిలబెట్టడం పాడేరులో ఉన్నన్నాళ్లూ చూశాను. ఇక్కడి ప్రభుత్వం 2017లో కొత్త పిల్లల హోంలకి రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022లో కొత్త బాలల చట్టం తెచ్చింది. పిల్లల్ని మెల్లగా బంధువుల ఇళ్లకీ, పెంపుడు కుటుంబాలకీ చేర్చాలన్నది వాళ్ల ఆలోచన. హోంలో పనిచేస్తున్నా నేను దాంతో ఏకీభవిస్తాను. మా పిల్లల్లోనే చాలామందికి ఎక్కడో ఒక అమ్మమ్మో, పిన్నో ఉంది. కానీ ఆ లోపు హోంలో ఉన్నవాళ్లకి జ్వరాలు రాకుండా ఆగవు కదా. ముందు ప్రతి పిల్లాడికీ ఒక ధ్రువపత్రం చేతిలో పెట్టండి, మిగతా సంస్కరణ తర్వాత చేసుకోండి.

సరే, అసలు మనిషి దగ్గరికి వస్తాను.

వార్డులో మంచానికి ఇద్దరు పిల్లలు. మా వాడికి చోటిచ్చిన మంచం మీద అప్పటికే ఒక పాప ఉంది. పక్కన ఆమె. ముప్పై అయిదేళ్లుంటాయేమో. మేం రాగానే ఏమీ అడక్కుండా పాపని గోడవైపు జరిపి, తను మంచం దిగి నేల మీద కూర్చుంది. మా వాడి అరికాళ్లు చూసి, తన భుజం మీదున్న లేసో గుడ్డ తీసి చుట్టింది. ఆ పాపకీ సికిల్ సెల్. ఈ జబ్బున్న పిల్లలకి చలి తగలకూడదని, గుక్కగుక్కగా నీళ్లు పట్టిస్తూ ఉండాలని నాకు చెప్పింది. నాకు ఆ జబ్బంటే ఇన్నేళ్లూ మైక్రోస్కోపు కింద కనిపించే కొడవలి ఆకారపు కణం. రాత్రంతా పక్కన కూర్చునేవాళ్లకి ఏం తెలుస్తుందో ఆమెని చూస్తేగానీ తెలియలేదు.

రక్తం ఎక్కించాలంటే దాతల్ని తీసుకురమ్మన్నారు, వాళ్లు ఇస్తే స్టాకులోంచి ఇస్తామన్నారు. ఇది మన దగ్గరా ఉన్నదే. నాకు ఈమధ్యే మలేరియా వచ్చి తగ్గింది, నా రక్తం పనికిరాదు. హౌస్ మదర్ చంటిబిడ్డ తల్లి. డిపాజిట్ 5,000 షిల్లింగులు, మన లెక్కలో మూడు వేల రూపాయల పైచిలుకు. అంత చిన్న మొత్తానికి నా కార్డు మొరాయించింది. విదేశీ లావాదేవీలు మళ్లీ ఆన్ చేయాలట. దానికి ఓటీపీ కావాలి. అది అనకాపల్లిలో మా ఆయన తలగడ పక్కనున్న ఫోన్‌కి వెళ్తుంది. అక్కడ అర్ధరాత్రి దాటింది. ఫోన్ ఎత్తడం లేదు. నేను వార్డు గుమ్మంలో ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాను.

ఆమె లేచి వచ్చి, నా చేతిలోని చీటీ లాక్కుని చూసింది. తన పాత కీప్యాడ్ ఫోన్ తీసి, ఎంపెసాలో, అంటే ఇక్కడ ఫోన్‌తో డబ్బు పంపే పద్ధతిలో, అయిదు వేలూ కట్టేసింది. నన్ను అడగలేదు, నా పేరు కూడా తెలియదు. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి లువోలో గట్టిగా ఏదో అరిచింది. అతను బోడా నడుపుతాడట. అరగంటలో తన బోడా స్టేజీలోని, అంటే బళ్లు ఆపుకునే అడ్డాలోని, కుర్రాళ్లని వెంటేసుకుని వచ్చాడు. అతను, ఇంకొకతను రక్తమిచ్చారు. మూడో అతనికి బీపీ ఎక్కువుందని తీసుకోలేదు. అతను ఇంటికి పోకుండా బయట బల్ల మీద తెల్లారేదాకా కూర్చున్నాడు.

రక్తం సంచీ వేలాడదీసి చుక్కలు పడటం మొదలయ్యాక నాకు ఏడుపు ఆగలేదు. సర్వీసులో ఉండగా ఇలాంటి సంచీలు ఎన్ని చూసుంటాను. ఆమె "పోలే, పోలే" అంటూ (స్వాహిలిలో అయ్యో పాపం అని) వీపు నిమిరి, నాలుగు గుక్కల తర్వాత గొంతు మార్చి, "ఏడుపు తర్వాత, ముందు ఇది తిను" అని ఉడికించిన చిలగడదుంప చేతిలో పెట్టింది. తెల్లవారుజామున కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి ఒకే కప్పులోంచి ఇద్దరు పిల్లలకీ వంతులవారీగా ఉజి పట్టిస్తోంది.

ఆమె సరస్సు ఒడ్డున ఒమేనా అమ్ముతుంది. వేలెడంత కూడా ఉండని వెండి రంగు చేప, ఎండబెట్టి అమ్ముతారు. దాని వేట చంద్రుడు లేని రాత్రుల్లో. పడవల మీద దీపాలు పెడితే వెలుగుకి చేప పైకి వస్తుంది. వెన్నెల రాత్రుల్లో ఆ కిటుకు పనిచేయదు. తెల్లారి పడవలు ఒడ్డుకి రాగానే ఆడవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కుని, వలల మీద పరిచి ఎండబెడతారు. చేతిలో డబ్బు లేకపోతే ఆ రోజు చేప వేరేవాళ్లకి పోతుంది. ఆమె నా కోసం కట్టింది మర్నాడు పడవ దగ్గర పెట్టాల్సిన డబ్బు. అవి చీకటి రోజులు, బేరం బాగా నడిచే రోజులు. ఇదేదీ ఆమె నాతో అనలేదు. మా హోం వంటావిడ విని, లెక్క కట్టి చెప్పింది. అప్పట్నుంచి నాకు తిండి సరిగా దిగడం లేదు.

కార్డు పనిచేశాక 7,000 తీసి ఆమె చేతిలో పెట్టాను. లెక్కపెట్టి అయిదు వేలు ఉంచుకుని రెండు వేలు వెనక్కిచ్చింది. బతిమాలాను, వినలేదు. దానికి బదులు సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టిన కాగితం ఒకటి తీసింది. "నువ్వు ల్యాబు మనిషివి కదా, ఇందులో ఏముందో చెప్పు" అంది. పాప రిపోర్టు. ఎప్పటిదో. ఇంతవరకూ ఎవరూ విప్పి చెప్పలేదట.

పాప ఆమె సొంత కూతురు కాదు. చనిపోయిన అక్క కూతురు. తన ముగ్గురితో పాటు నాలుగోదిగా పెంచుకుంటోంది. పాపకి జబ్బు రావడానికి అక్క చేసిన ఏదో తప్పే కారణమని, శాపమని అత్తింటివాళ్లు అన్నారట. చివరిదాకా అక్క అదే నమ్మిందట. నేను రిపోర్టు వెనక బొమ్మలు గీశాను. తల్లి దగ్గర నుంచి ఒక సికిల్ జన్యువు, తండ్రి దగ్గర నుంచి ఒకటి, రెండూ కలిసి బిడ్డకి చేరితేనే ఈ జబ్బు. ఒక్క తల్లి నుంచే రాదు. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. 2023లో మన దేశంలో సికిల్ సెల్ మిషన్ మొదలయ్యాక కొండ ఊళ్లలో ఇవే బొమ్మలు గీసేదాన్ని. మలేరియా ఎక్కువున్న నేలల్లోనే ఈ లక్షణం ఎందుకు నిలిచిందో కూడా చెప్పాను. ఆ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లకి అది తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ. పాడేరుకీ ఈ సరస్సు ఒడ్డుకీ అదే చుట్టరికం.

ఆమె మళ్లీ మళ్లీ ఒక్కటే అడిగింది, "తండ్రి దగ్గర్నుంచి కూడానా?" అని. అవునన్నాను. కాగితం మడిచి లోపల పెట్టుకుని, వరండాలోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

పేరు రాయొద్దంది, రాయడం లేదు. ఇది తెలుగులో ఉంది కాబట్టి ఆమె చదవదు కూడా. అయినా చెల్లీ, నీకు నేను రుణపడ్డాను. ఆ రెండు వేలు వెనక్కిచ్చావు, సరే. పాపని వచ్చే నెల క్లినిక్‌కి నేను తీసుకెళ్తానన్నాను, దానికి మాత్రం కాదనలేదు.

మా ఆయన రెండింటికి లేచి ఓటీపీ చెప్పారు. మా అమ్మాయి, తమ్ముడు డబ్బు సర్దారు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

పోస్టు చేసేలోపు గుర్తొచ్చిన కృతజ్ఞతలు:

నేను లేని రాత్రుల్లో పిల్లలందర్నీ ఒంటిచేత్తో చూసుకున్న రెండో హౌస్ మదర్‌కి. దోమతెరలు నా బదులు దించిన పెద్ద కుర్రాళ్లకి, గోలు కట్టిన దొంగలతో సహా.

క్లినికల్ ఆఫీసరుకి. ఏ ఊరని అడిగితే ఆంధ్రా అన్నాను, తెలియలేదు. హైదరాబాద్, సికింద్రాబాద్ అనేసరికి "రోనాల్డ్ రాస్!" అన్నాడు. దోమ కడుపులో మలేరియా పురుగుని ఆయన కనిపెట్టింది 1897లో సికింద్రాబాద్‌లోనే. ఆ అలసటలోనూ నవ్వొచ్చింది.

కిసుములో కిరాణా కొట్టు గుజరాతీ పెద్దాయనకి. 1901లో రైలు ఈ ఊరు చేరిన కాలంలోనే వాళ్ల పెద్దలు వచ్చారట. రెండు పూటలా కిచిడీ పంపారు, క్యారియర్ ఇంకా నా దగ్గరే ఉంది.

వైజాగ్‌లో నా పాత మేడమ్, ఫోన్లో రిపోర్టులన్నీ ఓపిగ్గా విన్నారు. మేడమ్, మీకు ప్రత్యేకంగా.

వార్డులో రాత్రి నర్సు. ఒక్కర్తే అంతమంది పిల్లల్ని చూసింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

నైరోబీ నుంచి రాత్రి బస్సులో వచ్చి, కాగితాలతో నేరుగా ఆస్పత్రికి వచ్చిన మా డైరెక్టర్‌గారికి. సోమవారం ఆ కిటికీ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.

ఇంకా, మమ్మల్ని మొదట ఆస్పత్రికి తెచ్చిన బోడా అబ్బాయి. పిల్లాణ్ని దించుకుని డబ్బు తీసేసరికి బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఎర్ర జాకెట్టు, ముందు చక్రానికి ఆకుపచ్చ మడ్‌గార్డు. ఇంతే గుర్తు. రేపు స్టేజీల దగ్గర అడగాలి.