చౌడుకు గోధుమ విత్తనం మందు కాదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ వ్యవసాయం పేజీలో ఉప్పును తినే గోధుమ వచ్చిందని, ఇక చౌడు భూముల సమస్య తీరినట్టేనని వేశారు. అది చదివి మా ఊర్లో ఇద్దరు ఆ విత్తనం ఎక్కడ దొరుకుతుందని నా దగ్గరికి వచ్చారు. వాళ్లకు చెప్పిందే మీకూ రాస్తున్నా.

గోధుమ ఉప్పును తినదండీ, లోపలికి రాకుండా అడ్డుకుంటుంది. వేరు నీళ్లు పీల్చినప్పుడు సోడియం కూడా వెంట వస్తుంది కదా, తట్టుకునే రకాల్లో ఆ సోడియంను ఆకుల దాకా ఎక్కనీయకుండా, నీళ్లు పైకి పోయే గొట్టాల్లోంచి వేరులోకే వెనక్కి లాగే జన్యువు ఉంటుంది. అయినా పైకి చేరిన కాస్త ఉప్పును ఆకు తన కణాల్లోని సంచుల్లో మూసిపెట్టుకుంటుంది. చపాతీ గోధుమకు ఈ గుణం కొంత పుట్టుకతోనే ఉంది, పాస్తా చేసే డ్యూరం గోధుమకు తక్కువ. 2012లో ఆస్ట్రేలియా వాళ్లు పాతకాలపు గోధుమ జాతి నుంచి ఆ జన్యువును సంకరం ద్వారా డ్యూరంలోకి తెచ్చి, ఉప్పు నేలలో 25 శాతం దాకా ఎక్కువ దిగుబడి చూపించారు. మన దగ్గర రాజస్థాన్ రైతుల ఖర్చియా గోధుమ ఎప్పటి నుంచో ఉంది. హర్యానాలోని కర్నాల్‌లో 1969 నుంచి చౌడు మీదే పనిచేసే పరిశోధన సంస్థ ఉంది, కేఆర్ఎల్-210 లాంటి ఉప్పు తట్టుకునే గోధుమ రకాలు అక్కడివే. ఆ శాస్త్రవేత్తలకు చేతులెత్తి మొక్కాలి. కానీ అవి ఉత్తరాది చలికి తయారైన రకాలు. మా కర్నూలులో గింజ పాలు పోసుకునే వేళకే ఎండ ముదురుతుంది.

అసలు సంగతి వేరే ఉంది. గోధుమ వద్దన్న ఉప్పు ఎక్కడికి పోతుంది? మడిలోనే ఉంటుంది.

నాకు కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాల్వ) కింద రెండెకరాలు ఉంది. నీళ్లు ఆరిన నాలుగో రోజు పొద్దున్నే పోతే గట్టు వెంబడి సున్నం చల్లినట్టు తెల్లగా పేరుకుని ఉంటుంది, అడుగేస్తే కరకరమంటుంది. వరి నారు ఆకు కొసలు మాడిపోయి ఉంటాయి. కాల్వ నీళ్లు వస్తున్నాయి కానీ బయటికి పోయే దారి లేదు. మురుగు కాల్వలో మనిషెత్తు జమ్ము పెరిగింది, లోపల నీళ్లు ఉన్నాయో లేదో కూడా కనపడదు. నీళ్లు భూమిలోనే ఊరి, అడుగున ఉన్న ఉప్పును పైకి తెస్తున్నాయి. పూడిక తీయమని మూడేళ్లుగా అర్జీలు ఇస్తున్నాం. ఒకరు మా పరిధి కాదంటారు, ఇంకొకరు బడ్జెట్ లేదంటారు.

మట్టి పరీక్ష కథ ఇంకోటి. నాట్లకు ముందు ఇచ్చిన మట్టికి ఫలితం కలుపు తీసేటప్పుడు వచ్చింది, అందులోనూ 'చౌడు' అని ఒక్క ముక్క రాసి ఇచ్చారు. తెల్ల చౌడా, కారు చౌడా? మొదటిది ఉప్పు పేరుకున్న నేల, రెండోది సోడియం మట్టిని పట్టేసిన నేల. తెల్ల చౌడైతే మంచి నీళ్లు నిలగట్టి ఉప్పును కడిగి బయటికి పంపాలి, దానికి జిప్సం వేసి లాభం లేదు. కారు చౌడైతే జిప్సం వేయాలి, అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియంను విడగొడుతుంది, ఆ తర్వాత దాన్ని నీళ్లతో తోలేయాలి. రెండింట్లో ఏదైనా చివరికి మురుగు కాల్వ పారాల్సిందే. మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె ఈసీ, అది 3 దాటితే వరి దిగుబడి తగ్గుతుంది, గోధుమ 6 దాకా నిలబడుతుంది, అంత తేడా ఉన్నప్పుడు ఆ అంకె చెప్పకుండా ఏ పంట వేయాలో రైతు ఎట్లా తేల్చుకుంటాడు? జిప్సం అయినా వేళకు వస్తుందా అంటే, దుక్కులప్పుడు రావాల్సింది పంట పొట్ట మీద ఉన్నప్పుడు వస్తుంది. మా నాయన కాలంలో వ్యవసాయశాఖ మనిషి గట్టు మీద నడిచి, మట్టి చేతిలోకి తీసుకుని చూసి చెప్పేవాడు. ఇప్పుడు ఫోన్లో ఫోటో తీసుకుని పోతున్నారు, చెప్పులకు మట్టి కూడా అంటదు.

ఈ ఎండాకాలం కాల్వకు నీళ్లు ఆపినప్పుడు మీ విలేకరిని మా మురుగు కాల్వ గట్టు మీదికి పంపండి, నేనే తోడు వచ్చి చూపిస్తా. గోధుమ కంకి ఫోటో వేసినంత పెద్దగా ఆ జమ్ము ఫోటో వేయండి.

ఒక రైతు,
కేసీ కెనాల్ ఆయకట్టు, కర్నూలు జిల్లా