జవాన్ల దినచర్యకూ ఒక పేజీ

సంపాదకులకు నమస్కారం.

యుద్ధ చిత్రాలనగానే మనకు ఫిరంగులు, జెండాలే గుర్తొస్తాయి. ఇంగ్లండులోని బర్గ్‌క్లేర్ ప్రార్థనాలయం కోసం స్టాన్లీ స్పెన్సర్ 1927 నుంచి 1932 దాకా వేసిన చిత్రాల్లో మాత్రం ఎక్కడా పోరాటం కనిపించదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన బ్రిస్టల్ ఆసుపత్రిలో సేవకుడిగా, తర్వాత మాసిడోనియా యుద్ధరంగంలో పనిచేశారు. అందుకే నేల తోమడం, టీ పాత్రలు నింపడం, పక్కలు సర్దడం, ఉతికిన బట్టలు వేరుచేయడం, సీసాల్లో నీళ్లు పట్టుకోవడం గోడల నిండా చూపించారు. వీరుల బొమ్మల కన్నా ఇవే నన్ను కదిలించాయి. మా నాన్న సైన్యం నుంచి రాసిన ఉత్తరాల్లోనూ రొట్టెలు, చలి, తడిసిన బూట్ల సంగతులే ఎక్కువ. సైనిక దినోత్సవ ప్రత్యేక సంచికల్లో క్షిపణుల ఫొటోలతో పాటు మన జవాన్ల వంటశాలలకూ గుడారాలకూ ఒక పేజీ ఇవ్వండి, చిత్రకారుల చేత బొమ్మలు వేయించండి.

– ఒక మాజీ సైనికుడి కూతురు, విజయనగరం