పాత పండ్ల బొమ్మలు ముసురు పాలు

సంపాదకుడికి,

డెల్టా పట్టణాల్లో గ్రంథాలయాలు, కాలేజీలు బీరువాల్లో పడివున్న పాత వృక్షశాస్త్ర బొమ్మలను బయటికి తీసి గోడకెక్కిస్తున్నాయి. సంతోషమే. కానీ తాటికాయ, మారేడు, వెలగ బొమ్మలను ప్లైవుడ్‌కు ఫెవికాల్‌తో అంటించి, గాజుకు ఆనించి, నెత్తిన ట్యూబులైటు పెడితే అవి ఎన్నాళ్లో మిగలవు.

ఈ బొమ్మలు మనకు పరాయివి కావు. ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్లేవరకూ సామర్లకోటలో మొక్కలు పెంచి, ఈ దేశపు చిత్రకారుల చేతే గీయించాడు. వాటిలో ఏరినవి 1795 నుంచి 1820 వరకు లండన్‌లో మూడు సంపుటాలుగా, 300 రాగిరేకు ముద్రలుగా వెలువడ్డాయి. రంగు మాత్రం కాగితం కాగితానికీ చేత్తో వేసిందే. వివరణల్లో మొక్కల తెలుగు పేర్లున్నాయి, గీసినవాళ్ల పేర్లే లేవు.

ముందు మీ దగ్గరున్నది అసలుదో కాదో తేల్చుకోండి. పదింతలు చూపే భూతద్దం పెడితే ఆఫ్‌సెట్ నకలులో రంగంతా సన్న చుక్కలుగా విడిపోతుంది. అసలుదానిలో గీత తెగదు, రంగు అక్కడక్కడా గీత దాటి పొర్లుతుంది. అంచులు కత్తిరించి ఉండకపోతే రాగిరేకు నొక్కిన గాడి వేలికి తగులుతుంది. నకలైతే దిగుల్లేదు, ఎక్కడైనా తగిలించుకోవచ్చు.

ఆ కాలంలో ఆకుపచ్చకు తరచు గాంబోజ్ పసుపు, ప్రష్యన్ బ్లూ కలిపేవారు. వెలుతురుకు ముందు ఎగిరిపోయేది పసుపు. అందుకే కొన్ని బొమ్మల్లో ఆకులు నీలాలు తిరిగి, పండు పాలిపోయి ఉంటుంది. పోయిన పసుపు మళ్లీ రాదు. రాగిపచ్చ (రాగి చిలుముతో చేసే ఆకుపచ్చ రంగు) వాడినచోట ఇంకో తంటా: తేమ తగిలితే అది గోధుమవన్నెకు మారి కాగితాన్ని తినేస్తుంది. వెనక్కి తిప్పి చూడండి, ఆకు ఆకారమే మరకగా దిగి ఉంటుంది.

గాలిలో తేమ 65 శాతం దాటితే బూజుకు పండగే. మన ముసురులో 80 దాటడం మామూలు. గాజుకు ఆనిన కాగితం చెమరుస్తుంది, మెరుపు కోసం పైన పూసిన తుమ్మజిగురు గాజును పట్టుకుంటుంది. లాగితే పండు తొక్క గాజు మీదే మిగులుతుంది. లామినేషన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అసలుదాన్ని తగిలించి తీరాలంటే ఆమ్లం లేని నూలు అట్టలో కిటికీ కోసి, గాజుకు కాగితానికీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఎడం ఉంచాలి. పై అంచున మాత్రమే, రెండు జపనీస్ కాగితపు ముక్కలతో, గోధుమ స్టార్చ్ గంజితో నిలపాలి. సెల్లోటేపు వద్దు. వాన కొట్టే బయటి గోడ వద్దు, లోపలి గోడకైనా వెనక అంగుళం గాలి ఆడాలి. వెలుతురు 50 లక్స్ (కాంతిని కొలిచే ప్రమాణం) మించకూడదు, అదీ ఏడాదిలో మూడు నెలలే.

ఇంత ఖర్చు ఎందుకనుకుంటే తేలిక దారి ఉంది. గాజు కింద నొక్కే స్కానర్‌లో కాకుండా పైనుంచి కెమెరాతో ఫొటో తీయించి, నకలు గోడకు పెట్టండి. అసలుది ఆమ్లం లేని పెట్టెలో, గోడకు ఆనని బీరువా నడిమి అరలో పడుకోబెట్టండి. నాఫ్తలీన్ ఉండలు పోసి నిశ్చింతగా కూర్చోకండి, అవి బూజును ఆపవు.

నకలు కింద 'లండన్ ముద్రణ' అని మాత్రం రాస్తే సరిపోదు. సామర్లకోట పేరు, ఆ పండు తెలుగు పేరు కూడా రాయించాలి.

– ఒక పాఠకుడు, కాకినాడ